టేకుమట్లకు ఎన్ని లీటర్లు?

2024 డిసెంబరులో టయోటా కొత్త క్యామ్రీ హైబ్రిడ్‌ను 48 లక్షల రూపాయల ఎక్స్‌షోరూం ధరతో విడుదల చేస్తూ, లీటరుకు 25.49 కిలోమీటర్లు ఇస్తుందని ప్రకటించింది. రెండున్నర లీటర్ల ఇంజను, దానికి తోడు బ్యాటరీ మోటారు, రెండూ కలిస్తే 230 హార్స్‌పవర్, మనుషులు ఎక్కకముందే టన్నున్నర దాటిన బరువు. ఇంత కారు మైలేజీలో చిన్న మారుతి కార్ల పక్కన నిలబడుతోందంటే వినేవాళ్లకు అనుమానం రావడం సహజమే. పైగా దశాంశం తర్వాత రెండంకెలు. 25 అంటే బేరమాడొచ్చు, 25.49 అంటే మాత్రం ఎవరో నిజంగానే కొలిచారనిపిస్తుంది.

కొలిచారు కూడా. ఎక్కడ, ఎలా కొలిచారన్నదే అసలు సంగతి.

ఆ కారును హైదరాబాద్‌లో కొన్నవాళ్లు దసరాకు సొంతూరు వెళ్తారు. ఆ ఊరు టేకుమట్ల అనుకుందాం. ఒకప్పుడు వరంగల్ జిల్లా చిట్యాల మండలంలోని ఊరు, 2016 జిల్లాల విభజనలో భూపాలపల్లి జిల్లాలో కొత్త మండలమైంది. ఉప్పల్ దాటి, ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట, హనుమకొండ మీదుగా పరకాలకు, అక్కడి నుంచి లోపలి రోడ్లలో మానేరు ఏటి వైపు వెళ్లాలి. లెక్క సులువు కోసం మొత్తం 210 కిలోమీటర్లు అనుకుందాం. నగరం 20, నాలుగు వరుసల హైవే 120, కాజీపేట, హనుమకొండ ట్రాఫిక్ 10, ఆ తర్వాత ఊళ్ల రోడ్లు 60. కిలోమీటరు రాళ్లతో సరిపోల్చకండి, లెక్కకు పనికొచ్చేంత దగ్గరగా ఉంటే చాలు. కంపెనీ అంకె నిజమైతే ఈ దారికి 8.2 లీటర్లు చాలు. అన్నే పడతాయా?

మన దేశంలో కారు మైలేజీ అంకె రోడ్డు మీద పుట్టదు. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షాకేంద్రంలో కారును తిరిగే రోలర్ల మీద నిలబెట్టి, ముందే రాసిపెట్టిన ఒక పద్ధతి ప్రకారం నడుపుతారు. మొత్తం 1,180 సెకన్లు, అంటే 20 నిమిషాలకు 20 సెకన్లు తక్కువ. అందులో మొదటి 780 సెకన్లు ఆగుతూ, కదులుతూ, ఎప్పుడూ 50 దాటకుండా నడవాలి. చివరి 400 సెకన్లలో వేగం పెరుగుతుంది కానీ 90 దగ్గర ఆగిపోతుంది. నడిచిన దూరం పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్లు. గది ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏసీ బంద్. గాలి ఎదురురాదు, ఎత్తుపల్లాలు లేవు, గేదె అడ్డం రాదు. ఈ పద్ధతి యూరప్ పాత పరీక్ష నుంచి వచ్చిందే. అక్కడ వేగం 120 దాకా వెళ్లేది, మన రోడ్లకు సరిపడేలా 90కి తగ్గించారు.

మోసమేమీ లేదు ఇందులో. అన్ని కార్లకూ ఒకే పరీక్ష పెట్టి, ఏది ఎక్కువ ఇస్తుందో పోల్చుకోవడానికి ఇది బాగానే పనికొస్తుంది. కాకపోతే టేకుమట్ల దారిలో ఆ 20 నిమిషాలకు సరిపోలే ముక్క ఒక్కటీ లేదు.

ఇదే కుటుంబానికి చెందిన క్యామ్రీని అమెరికాలో మరో రకంగా కొలుస్తారు. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2008 మోడళ్ల నుంచి ఐదు పరీక్షల ఫలితాన్ని కలిపి స్టిక్కరు మీద వేయిస్తోంది. నగరం, హైవే కాక, గంటకు 80 మైళ్ల దాకా తొక్కే పరీక్ష ఒకటి, 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసి చేసేది ఒకటి, గడ్డకట్టే చలిలో మరొకటి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు మొదటి కారుగా క్యామ్రీయో అకార్డో కొనడం రెండు తరాలుగా చూస్తున్నదే. అక్కడి నుంచి ఫోన్‌లో "మాది 47 ఇస్తుంది" అని వినపడితే కంగారుపడకండి. అది గ్యాలనుకు మైళ్లు. 0.425తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 2025 క్యామ్రీలో పెద్ద చక్రాలున్న పై రకానికి ఈపీఏ ఇచ్చిన 47 అంటే లీటరుకు 20 కిలోమీటర్లు. ఇక్కడ 25.49, అక్కడ 20. లెక్సస్ ఈఎస్ 300హెచ్‌దీ అదే కథ. ఇక్కడ ప్రకటించింది 22.37, అక్కడి స్టిక్కరు మీద 44, అంటే 18.7. కార్లలో చిన్నచిన్న తేడాలున్నా దారి మాత్రం తెలుస్తోంది. ఇక్కడి అంకెలో ఆరో వంతు నుంచి ఐదో వంతు దాకా తీసేస్తే, ఏసీ వేసుకుని నడిచే మనిషి అంకె మొదలవుతుంది.

లెక్సస్ ఈఎస్ మీద ఇంకొంచెం ఆగుదాం. సౌకర్యం కోసమే పుట్టిన మధ్యస్థాయి లగ్జరీ సెడాన్ ఇది. ఒకే ఒడ్డూ పొడుగులో మామూలు పెట్రోలు ఇంజనుతో ఒకటి, హైబ్రిడ్‌తో ఒకటి అమెరికాలో అమ్మారు. 2022 మోడల్‌లో ఆరు సిలిండర్ల పెట్రోలు కారు నగరంలో లీటరుకు 9.4, హైవే మీద 13.6. హైబ్రిడ్ నగరంలో 18.3, హైవే మీద సుమారు 18.7. హైవేలో తేడా మూడో వంతు పైచిలుకే, నగరంలో మాత్రం రెట్టింపు. "కారు సిటీలో తాగుతుంది, హైవేలో ఇస్తుంది" అని మనం తరతరాలుగా చెప్పుకునే సూత్రం హైబ్రిడ్ దగ్గర పనిచెయ్యదు. 2025 క్యామ్రీలో చిన్న చక్రాల రకానికైతే ఈపీఏ అంకె నగరంలోనే ఎక్కువ, 53. హైవేలో 50.

ఎందుకలా? రోడ్డు మీద కారును ఆపే శక్తులేమిటో చూస్తే తెలుస్తుంది. నలుగురు కాకపోయినా ఇద్దరు ఎక్కిన ఇలాంటి సెడాన్ 1,800 కిలోలు తూగుతుందనుకుందాం. మంచి తారురోడ్డు మీద టైర్లు దొర్లడానికే దాదాపు 18 కిలోల బరువును పైకి లాగినంత బలం కావాలి. వేగం ఎంతైనా ఇది పెద్దగా మారదు. మారేది గాలి. గంటకు 80 వేగంలో గాలి పెట్టే అడ్డు కూడా దాదాపు 18 కిలోలే. 100 వేగంలో అది 28. 120లో 41. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే గాలి రెండుంబావు రెట్లు పెరిగింది. మొత్తం కలిపితే 80 దగ్గర 36 కిలోలు, 100 దగ్గర 46, 120 దగ్గర 59. కిలోమీటరుకు ఖర్చయ్యే శక్తి ఈ బలానికి సమానంగా పెరుగుతుంది. బ్యాటరీ ఉన్నా లేకపోయినా గాలి ఎవరికీ రాయితీ ఇవ్వదు. బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని తిరిగి పట్టుకోవడమే హైబ్రిడ్ గొప్పతనం. నిలకడగా 110లో పోయే కారు బ్రేకే వెయ్యకపోతే పట్టుకోవడానికేముంది?

ఇక్కడే లగ్జరీ కారు తన యజమానిని తెలివిగా దెబ్బతీస్తుంది. చిన్న కారులో 100 దాటితే ఇంజను అరుస్తుంది, తలుపుల సందుల్లో గాలి ఈలవేస్తుంది, పక్కనున్నవాళ్లు మెల్లగా పొమ్మంటారు. రెండు పొరల అద్దాలు, మెత్తటి సస్పెన్షను ఉన్న కారులో 115 కూడా 80లానే ఉంటుంది. జనగామ వచ్చిందన్న సంగతి టోల్‌గేటు దగ్గర ఆగితేనే తెలుస్తుంది. నాలుగు వరుసల హైవే మీద కార్లకు చట్టం 2018 నుంచి ఇచ్చిన గరిష్ఠ వేగం 100. ఈ దారిలో 100 దాటనని ప్రమాణం చెయ్యగల లగ్జరీ కారు యజమానులు ఎందరో మరి. ఇలాంటి కార్ల మైలేజీ బ్రోషరు అంకె కంటే బాగా పడిపోవడానికి మొదటి కారణం ఇంజను కాదు, నిశ్శబ్దం అని నా అభిప్రాయం.

రెండోది ఏసీ. దీని లెక్క వేగానికి తలకిందులుగా నడుస్తుంది. ఎండాకాలంలో పెద్ద సెడాన్ చల్లదనానికి రమారమి ఒకటిన్నర కిలోవాట్లు పడుతుందనుకుందాం. అది గంటల లెక్కన తింటుంది, కిలోమీటర్ల లెక్కన కాదు. 80 వేగంలో పోతుంటే ఆ భారం 7 కిలోలకు సమానం. 30 వేగంలో 18 కిలోలు, అంటే నాలుగు టైర్లు కలిసి పెట్టే అడ్డుకు సమానం. ఉప్పల్ ట్రాఫిక్‌లో 15 వేగంతో పాకుతుంటే 37 కిలోలు. అర్థం చేసుకోండి, 80లో కారు మొత్తాన్ని లాగడానికి పట్టినంత బలం, 15లో ఒక్క ఏసీకే పోతోంది. తీవ్రమైన వేడిలో, దగ్గర ప్రయాణాల్లో ఏసీ వల్ల మామూలు కారు మైలేజీ నాలుగో వంతు కంటే ఎక్కువే తగ్గొచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. భూపాలపల్లి వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. అలాగని ఏసీ ఆపి పొమ్మని 48 లక్షల కారున్నవాళ్లకు ఎవరూ సలహా ఇవ్వలేరు, ఇచ్చినా వినరు. ఎండలో నిలిపిన కారు తలుపులు రెండు నిమిషాలు తెరిచి వేడిగాలి పోనిచ్చి, తర్వాత ఏసీ వేస్తే కొంత కలిసొస్తుంది. హైవే మీద కిటికీలు దింపి ఏసీ మిగిల్చానని సంబరపడితే, ఆ మిగిలింది గాలి పట్టుకుపోతుంది.

పరకాల దాటాక కథ మారుతుంది. ఇక్కడ గాలి లెక్క పక్కకు పోయి స్పీడ్‌బ్రేకర్ల లెక్క వస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్‌బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, 25 వేగంతో కారు సాఫీగా దాటగలగాలి. మన ఊళ్లల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసేవి ఆ కొలతల్ని ఎన్నడూ చూసి ఉండవు. నేలకు దగ్గరగా ఉండే సెడాన్ అయితే వాటి ముందు దాదాపు ఆగాల్సిందే. లేకపోతే అడుగు భాగం గీసుకుంటుంది.

60 వేగంలో పోతున్న 1,800 కిలోల కారులో ఉన్న గమనశక్తి 250 కిలోజౌళ్లు. స్పీడ్‌బ్రేకర్ ముందు గట్టిగా బ్రేకు వేస్తే అదంతా బ్రేకు పళ్లేల్లో వేడిగా మారిపోతుంది. దాటాక మళ్లీ 60కి రావాలంటే ఇంజను ఆ 250 కొత్తగా పుట్టించాలి. పెట్రోల్లోని శక్తిలో నాలుగో వంతే చక్రాలకు చేరుతుందనుకుంటే, ఒక్కో స్పీడ్‌బ్రేకరుకు 33 మిల్లీలీటర్ల పెట్రోలు. 2024 మార్చి తగ్గింపు తర్వాత చాలాకాలం హైదరాబాద్‌లో ఉన్న ధర, లీటరు 107 రూపాయలు, పట్టుకుంటే మూడున్నర రూపాయలు. ముప్పై స్పీడ్‌బ్రేకర్లకు లీటరు. పరకాల నుంచి మానేరు దాకా ఊరూరా, బడి ముందొకటి, గుడి ముందొకటి, మలుపులో రెండు లెక్కేసుకోండి, ముప్పై పెద్ద సంఖ్యేమీ కాదు. అవి ఉండకూడదని కాదు. పిల్లలు తిరిగే రోడ్డు మీద 33 మిల్లీలీటర్లు చౌకే. దూరం నుంచే కాలు తీసేసి, కారు తనంత తాను నెమ్మదించేలా చేస్తే మాత్రం ఆ నష్టంలో సగం తగ్గుతుంది. హైబ్రిడ్ అయితే బ్రేకు శక్తిని బ్యాటరీలోకి పట్టుకుంటుంది కాబట్టి దీని నష్టం మొదటే తక్కువ. అయితే ఆఖరి క్షణంలో గట్టిగా తొక్కితే హైబ్రిడ్ కూడా మామూలు బ్రేకులనే వాడుతుంది, ఆ శక్తి పోయినట్టే.

వరికోతల కాలంలో సగం రోడ్డు వడ్ల కుప్పలదే. మిగతా సగంలో ఎదురుగా ట్రాక్టరొస్తే కారు ఆగాలి. ఇసుక లారీలు తొక్కి చితికిన చోట టైర్లకు 18 కిలోల లెక్క వర్తించదు, గుంతల రోడ్డు మీద అది సులువుగా రెట్టింపవుతుంది. ఇలాంటి చోట మైలేజీ గురించి ఆలోచించేకంటే టైరు గురించి ఆలోచించడం మేలు. గాలి తగ్గితే నష్టం ఎంతంటారా? ఒక్కో పీఎస్ఐకి 0.2 శాతం. 5 పీఎస్ఐ తగ్గినా ఒక్క శాతమే. మైలేజీ కోసం కాదు గానీ, గుంతలో రిమ్ము వంగకుండా ఉండటానికి గాలి చూసుకోవాలి.

ఇక పెట్రోలు. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు బంకులకు రావడం మొదలై, 2025కల్లా అదే మామూలైంది. లీటరు పెట్రోల్లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21. ఐదో వంతు ఇథనాల్ కలిపితే లీటరుకు దాదాపు 30 మెగాజౌళ్లు మిగులుతాయి, అంటే స్వచ్ఛమైన పెట్రోలుతో పోలిస్తే దాదాపు 7 శాతం తక్కువ. దీన్ని పాత 10 శాతం మిశ్రమంతో పోలిస్తే తగ్గుదల మూడున్నర శాతమే. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదిక, పాత రకం కార్లకు 6-7 శాతం, 10 శాతం ఇథనాల్‌కు తయారై 20కి సరిదిద్దినవాటికి 1-2 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా వేసింది. ఇథనాల్‌కు ఎక్కువ పీడనాన్ని తట్టుకునే గుణం ఉండటం వల్ల దానికి తగ్గట్టు సరిచేసిన ఇంజన్లు కొంత నష్టాన్ని పూడ్చుకుంటాయి. కాబట్టి లీటరుకు 15 ఇచ్చే కారు ఉన్నట్టుండి 11 ఇస్తే ఆ నేరమంతా ఇథనాల్ మీద వెయ్యడం అన్యాయం. నాలుగులో మూడొంతులు ఇంకెక్కడో పోతోంది.

ఎక్కడో అని వెతికేముందు నేల ఎత్తు చూడాలి. ఇది చాలామందికి తట్టదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, హనుమకొండ 260 దరిదాపుల్లో, మానేరు ఒడ్డు ఇంకా పల్లం. టేకుమట్ల వెళ్తున్నామంటే కంటికి కనపడకుండా దిగుతున్నామన్నమాట. 250 మీటర్లే పట్టుకున్నా, 1,800 కిలోల కారును అంత ఎత్తు ఎక్కించడానికి 4.4 మెగాజౌళ్లు కావాలి. పెట్రోల్లో చెబితే అర లీటరు. వెళ్లేటప్పుడు ఆ అర లీటరు దాదాపుగా మిగులుతుంది, తిరిగొచ్చేటప్పుడు ఖర్చవుతుంది. దానికి తోడు వచ్చేటప్పుడు డిక్కీలో బియ్యం బస్తాలు, మామిడికాయలు, అమ్మ కట్టిచ్చిన పచ్చళ్లు. వంద కిలోలు పెరిగితే ఇంకో 2 శాతం. "పోయేటప్పుడు బాగిచ్చింది, హనుమకొండ బంకులో పోయించాక తగ్గింది" అని ఆ బంకును తిట్టేవాళ్లలో కొందరైనా నిజానికి దక్కను పీఠభూమిని తిడుతున్నారు.

ఇప్పుడు మొత్తం కూడదాం. కింది మైలేజీలు నేను రోడ్డు మీద కొలిచినవి కావు, పై బలాల నుంచి, ఏసీతో సహా, వేసిన అంచనాలు. స్కోడా సూపర్బ్ తరహా రెండు లీటర్ల టర్బో పెట్రోలు సెడాన్ తీసుకుంటే నగరంలో 8, హైవే మీద 90 నిలకడగా పోతే 17, కాజీపేట, హనుమకొండల్లో 9, ఊళ్ల రోడ్ల మీద 12. లీటర్లలో చెబితే 2.5, 7.1, 1.1, 5. మొత్తం 15.7 లీటర్లు, 1,680 రూపాయలు, లీటరుకు 13.4. అదే దారికి క్యామ్రీ తరహా హైబ్రిడ్‌కు నగరంలో 17, హైవేలో 21, నడుమ మళ్లీ 17, ఊళ్లల్లో 18 వేశాను. 1.2, 5.7, 0.6, 3.3. మొత్తం 10.8 లీటర్లు, 1,156 రూపాయలు, లీటరుకు 19.4. 25.49 ప్రకారం 8.2 చాలన్న దారికి రెండున్నర లీటర్లు ఎక్కువ.

ఇందులో ఒక మెలిక ఉంది. 8, 17, 9, 12 కూడి నాలుగుతో భాగిస్తే 11.5 వస్తుంది. అది తప్పు. దూరాన్ని లీటర్లతో భాగించాలి తప్ప మైలేజీల సగటు తియ్యకూడదు. వాట్సాప్‌లో "నాకు హైవేలో 20, ఊళ్లో 10, సగటున 15" అని రాసేవాళ్ల లెక్కలు సగం ఇక్కడే పోతాయి.

అదే హైవేలో 90కి బదులు 115 తొక్కితే టర్బో కారుకు 17 కాస్తా 14 అవుతుంది. ఆ 120 కిలోమీటర్లకు ఒకటిన్నర లీటర్లు, 160 రూపాయలు ఎక్కువ. మిగిలేది 17 నిమిషాలు. నిమిషానికి తొమ్మిదిన్నర రూపాయలు పెట్టి సమయం కొన్నట్టు. కొందరికది చౌక బేరమే కావచ్చు, కెమెరా చలానా రానంత వరకు. హైబ్రిడ్‌కూ తప్పదు. 21 నుంచి 17కి దిగుతుంది, మొత్తం దారికి 12 లీటర్లు దాటుతాయి.

మైలేజీ అనే కొలతలోనే ఒక కనికట్టు ఉందని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో రాశారు. మన దారితో చెబితే ఇలా ఉంటుంది. 20 ఇచ్చే కారును 25కి మార్చితే టేకుమట్లకు మిగిలేది 2.1 లీటర్లు. 8 ఇచ్చే పాత పెద్ద కారును 10కి మార్చితే మిగిలేది 5.25 లీటర్లు. ఐదు పెరిగిన చోట రెండు లీటర్లు, రెండే పెరిగిన చోట ఐదు లీటర్లు. అందుకే యూరప్‌లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని అడుగుతారు. మనకు అంత వెతుకులాట అక్కర్లేదు, ఊరికి పోయొస్తే ఎన్ని లీటర్లని అడిగితే చాలు. డబ్బులు కట్టేది లీటర్లకే కదా.

ఆ లీటర్లు తెలియాలంటే డ్యాష్‌బోర్డు మీద మెరిసే అంకెను పక్కన పెట్టి ట్యాంకు నింపి కొలవాలి. ఆ మెరిసే అంకె చాలా కార్లలో కొన్ని శాతం తీపి మాటే చెబుతుంది. బంకులో గన్ను తనంత తాను ఆగేదాకా పోయించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, పోయొచ్చాక అదే బంకులో, వీలైతే అదే గన్నుతో మళ్లీ ఆగేదాకా పోయించాలి. గన్ను ఆగాక "రౌండ్ ఫిగర్ చేద్దాం సార్" అంటే వద్దనాలి. 20 లీటర్ల మీద ఒక్క లీటరు అటూఇటైతే 5 శాతం తప్పు, అంటే ఇథనాల్ గురించి చేసే గొడవంత. ఒకవైపు ప్రయాణం కొలవడం వృథా, పైన చెప్పిన అర లీటరు ఎత్తుపల్లం దాన్ని తారుమారు చేస్తుంది. పోనూ రానూ 420 కిలోమీటర్లు కలిపి కొలిస్తే ఆ తేడా చాలామటుకు సర్దుకుంటుంది.

ఇంత చేసి మిగిల్చేది ఎంత? ఏడాదికి 12,000 కిలోమీటర్లు ఇవే మైలేజీలతో తిరిగితే టర్బోకు దాదాపు 896 లీటర్లు, హైబ్రిడ్‌కు 619. తేడా 277 లీటర్లు, 29,600 రూపాయలు. తెలంగాణలో 2022 మే సవరణ 20 లక్షలు దాటిన కారుకు లైఫ్‌ట్యాక్సును 18 శాతం చేసింది. 48 లక్షల మీద 8 లక్షల 64 వేలు. హైబ్రిడ్ ఏడాదికి మిగిల్చేది 29 ఏళ్లు కూడబెడితే ఆ ఒక్క పన్నుకు సరిపోతుంది. ఈ ధరలో కారు కొనేవాళ్లు పెట్రోలు మిగులుతుందని కొంటున్నామని ఇంట్లో చెబితే, ఇంట్లోవాళ్లు ఈ లెక్క అడగొచ్చు. నిశ్శబ్దానికీ, నడుంనొప్పి లేకుండా ఊరు చేరడానికీ కొన్నామంటే అది నిజాయితీగల జవాబు.

టేకుమట్ల మైలేజీలో అన్నిటికంటే పెద్ద అంకె మాత్రం ఏ కారులోనూ లేదు. టేకుమట్ల మండలం గర్మిళ్ళపల్లికీ, అవతల పెద్దపల్లి జిల్లా ముత్తారం మండలం ఓడేడుకూ నడుమ మానేరు మీద వంతెన పని 2016లో మొదలైంది. పూర్తయితే మంథని, పరకాల, జమ్మికుంటల మధ్య దూరం దాదాపు 50 కిలోమీటర్లు తగ్గుతుందని లెక్కగట్టారు. నిధులాగి, కాంట్రాక్టర్లు మారి, పని ఏళ్ల తరబడి నిలిచింది. 2024 ఏప్రిల్ 22 రాత్రి ఈదురుగాలికి దాని గర్డర్లు కొన్ని కింద పడ్డాయి. అన్నేళ్లూ జనం దాటింది వంతెన పక్కన ఏట్లో వేసుకున్న మట్టిబాట మీదుగానే, అదీ వరద రానప్పుడు.

50 కిలోమీటర్లు చుట్టు తిరిగితే ఊళ్ల రోడ్ల మైలేజీతో టర్బో సెడానుకు 4.2 లీటర్లు, హైబ్రిడ్‌కు 2.8. మంచి డ్రైవింగు, సరైన గాలి, తక్కువ వేగం అన్నీ కలిసి హైదరాబాద్ ప్రయాణంలో మిగిల్చేదానికంటే ఎక్కువ. ఇక ఆ దారిలో తిరిగేవి ఎక్కువగా లగ్జరీ కార్లు కావు, ఆటోలు, ట్రాక్టర్లు, బైకులు, డీసీఎంలు. రోజుకు 100 వాహనాలే చుట్టు తిరుగుతున్నాయనీ, సగటున లీటరుకు 15 ఇస్తాయనీ ఊహించుకున్నా రోజుకు 333 లీటర్లు. ఏడాదికి లక్షా 21 వేల లీటర్లు, దాదాపు ఒక కోటీ 30 లక్షల రూపాయలు. వాహనాల సంఖ్య నా ఊహే. రోడ్లు భవనాల శాఖవాళ్లు అసలు సంఖ్య తీసుకుని ఇదే లెక్క వేస్తే, వంతెన ఆలస్యమైన ప్రతి ఏడాదికీ ఈ రెండు ఒడ్డుల జనం బంకులో ఎంత కట్టారో బయటపడుతుంది.